సియాటిల్‌లో క్రాకెన్ హాకీ మ్యాచ్ చూడటానికి వస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వస్తే చాలు, నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "సియాటిల్ వస్తున్నాం, ఆ కొత్త ఐస్ హాకీ జట్టు క్రాకెన్ మ్యాచ్ ఒకటి చూడాలి" అని కొందరు, "టికెట్లు కొనేశాం, ఇప్పుడేం చేయాలి?" అని కొందరు. అడిగేవాళ్లు మారుతుంటారు కానీ సందేహాలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుంటే

ఐస్ హాకీలో నాకు ఓనమాలు కూడా తెలియవు. వెళ్తే బోర్ కొడుతుందా?

కొట్టదు. టీవీలో చూసి "ఇదేం ఆట, ఏమీ అర్థం కావట్లేదు" అన్నవాళ్లే క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో, అంటే క్రాకెన్ ఆడే స్టేడియంలో, సీటు అంచున కూర్చుని అరవడం నేను చాలాసార్లు చూశాను. టీవీ కెమెరా పక్ (ఈ ఆటలో బంతికి బదులుగా వాడే బిళ్ల) వెంట పరిగెడుతుంది కాబట్టి మిగతా ఆటగాళ్లు ఏం చేస్తున్నారో తెలియదు. అరీనాలో మంచు మొత్తం మీ కళ్ల ముందు ఉంటుంది. స్కేట్లు మంచును కోసే చప్పుడు, పక్ మంచు చుట్టూ ఉన్న గోడకి తగిలి దద్దరిల్లే శబ్దం, గోల్ పడగానే మోగే హారన్ టీవీలో సగం కూడా వినిపించవు. మూడు నియమాలు తెలిస్తే చాలు, మిగతావి పక్క సీటువాళ్లు సంతోషంగా చెప్తారు.

క్రాకెన్ అంత కొత్త జట్టా? దీని కథేంటి?

నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇది 32వ జట్టు. 2018 డిసెంబరులో లీగ్ అనుమతి ఇచ్చింది. కొత్త జట్టుగా చేరడానికి కట్టిన రుసుమే 65 కోట్ల డాలర్లు. 2020 జులైలో పేరు ప్రకటించారు. క్రాకెన్ అంటే ఉత్తర సముద్రాల నావికుల కథల్లో ఓడలను చుట్టేసే రాకాసి జంతువు. జెర్సీ మీద ఉన్న 'ఎస్' అక్షరాన్ని జాగ్రత్తగా చూడండి, లోపల ఒక టెంటకిల్ (ఆక్టోపస్‌కి ఉండే లాంటి పొడుగు చెయ్యి), ఒక ఎర్ర కన్ను కనిపిస్తాయి.

మొదటి మ్యాచ్ 2021 అక్టోబరు 12న లాస్ వేగాస్‌లో జరిగింది, 4-3తో ఓడిపోయారు. సొంత ఊళ్లో మొదటి మ్యాచ్ అక్టోబరు 23న వాంకూవర్‌తో, అదీ ఓటమే. ఆ రాత్రే 32 నంబర్ జెర్సీని ఇక ఏ ఆటగాడికీ ఇవ్వకుండా, అభిమానుల పేరిట శాశ్వతంగా పక్కన పెట్టారు. సీజన్ టికెట్ల కోసం ముందుగా డిపాజిట్ కట్టిన 32 వేల మందికి అది గౌరవం. మొదటి సీజన్ మొత్తం 60 పాయింట్లే వచ్చాయి. మరుసటి ఏడాది 100 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి వెళ్లి, అప్పటి ఛాంపియన్ కొలరాడోని 7 మ్యాచుల సిరీస్‌లో ఇంటికి పంపారు. ఆ వసంతంలో ఈ ఊరు ఎలా ఉందో చూసినవాళ్లు మర్చిపోలేరు. బస్సుల మీద కూడా "గో క్రాకెన్" అని వెలిగేది.

అంతకుముందు సియాటిల్‌లో హాకీయే లేదా?

ఉంది, అదీ గొప్పగా. సియాటిల్ మెట్రోపాలిటన్స్ అనే జట్టు 1917లో మాంట్రియల్‌ని ఓడించి ఐస్ హాకీలో అతి పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచింది. అమెరికా గడ్డ మీద జట్టు ఆ కప్ గెలవడం అదే మొదటిసారి. 1919 ఫైనల్ సియాటిల్‌లోనే జరుగుతుండగా ఫ్లూ మహమ్మారి వల్ల మధ్యలో ఆగిపోయింది. మాంట్రియల్ ఆటగాడు జో హాల్ ఆ జబ్బుతోనే ఇక్కడే చనిపోయాడు. 1924లో మెట్రోపాలిటన్స్ మూతపడింది. దాదాపు వందేళ్ల తర్వాత మళ్లీ ఈ ఊరికి అగ్రశ్రేణి హాకీ వచ్చింది. క్రాకెన్ జెర్సీ మీద 'ఎస్' అక్షరం ఆ పాత జట్టును తలుచుకుంటూ పెట్టిందే.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

సీజన్ అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు. సొంత ఊళ్లో నలభైకి పైగా మ్యాచులుంటాయి. ఊరు కూడా తిరగాలనుకుంటే అక్టోబరు మొదట్లో గానీ మార్చి చివర్లో గానీ రండి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకుండానే చీకటి పడిపోతుంది, వాన మాత్రం వదలదు. ఆట కోసమే వస్తుంటే మాత్రం మార్చి, ఏప్రిల్. ప్లేఆఫ్స్ బెర్తుల కోసం పోటీ పడే రోజులవి, ఒక్కో పాయింట్ కోసం ప్రాణం పెట్టి ఆడతారు.

మహిళల జట్టు కూడా వచ్చిందట కదా? అది చూడొచ్చా?

తప్పకుండా చూడండి. ఊరికి నిజంగా కొత్త జట్టు అంటే ఇప్పుడు అదే. పేరు సియాటిల్ టొరెంట్, 2025-26 సీజన్‌తో మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో అడుగుపెట్టింది. క్రాకెన్ ఆడే అరీనాలోనే ఆడుతుంది. మొదటి హోమ్ మ్యాచ్‌కి 16 వేల మందికి పైగా వచ్చారు. ఆ లీగ్‌లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. మామూలు పెనాల్టీ (తప్పు చేసినందుకు రెండు నిమిషాలు బయట కూర్చోవడం) వల్ల ఒక మనిషి తక్కువగా ఆడుతున్న జట్టు గనక గోల్ కొడితే, శిక్ష అక్కడికక్కడే రద్దయిపోతుంది, పెనాల్టీ బాక్సులో కూర్చున్న అమ్మాయి బయటికి వచ్చేస్తుంది. చూస్తుంటే భలే ఉంటుంది. టికెట్లు క్రాకెన్ కంటే సాధారణంగా చవక. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ముందు ఇదే చెప్తాను.

ఇంకో సంగతి. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచుల్లో బెంచి వెనక నిలబడ్డ మొట్టమొదటి పూర్తికాలపు మహిళా అసిస్టెంట్ కోచ్ జెస్సికా క్యాంప్‌బెల్. 2024లో ఆమెని తీసుకున్నది క్రాకెనే.

## టికెట్లు కొనేటప్పుడు

టికెట్లు ఎక్కడ కొనాలి? ఎంత ముందు కొనాలి?

జట్టు టికెట్లు టికెట్‌మాస్టర్‌లో దొరుకుతాయి. కాగితం టికెట్ ఉండదు, అంతా ఫోన్‌లోనే. ధర స్థిరంగా ఉండదు, ప్రత్యర్థిని బట్టి, వారాన్ని బట్టి మారిపోతుంది. శని, ఆదివారాలు ఖరీదు. వాంకూవర్ ఇక్కడికి మూడు గంటల దూరమే కాబట్టి వాళ్ల అభిమానులు బస్సులేసుకుని దిగుతారు, ఆ మ్యాచ్ టికెట్లు త్వరగా అయిపోతాయి. మంగళవారమో బుధవారమో, పెద్దగా పేరు లేని జట్టుతో మ్యాచ్ పెట్టుకుంటే అదే సీటు బాగా తక్కువకి వస్తుంది. ఇంకోచోట కొనేటప్పుడు చివర్లో కలిసే ఫీజులు చూసుకున్నాకే ధరలు పోల్చండి. విమానం టికెట్లు బుక్ చేసే ముందే మ్యాచ్ తేదీ ఖాయం చేసుకోవడం మంచిది, ఎందుకంటే జట్టు ఒక్కోసారి వారం పది రోజులు వరసగా బయటి ఊళ్లలోనే ఆడుతుంది.

మంచు చుట్టూ ఉండే అద్దపు గోడ (గ్లాస్) పక్కనే సీటు కొనాలా, పైన కొనాలా?

మొదటిసారైతే పైన, పక్కల వైపు. నిస్సంకోచంగా చెప్తున్నాను. గ్లాస్ పక్కన కూర్చుంటే ఇద్దరు ఆటగాళ్లు వచ్చి మీ ముఖం ముందే గోడకి గుద్దుకుంటారు, గుండె ఝల్లుమంటుంది. అది గొప్ప అనుభవమే. కానీ ఆట అవతలి చివరికి వెళ్లిందంటే మీకు వీపులు తప్ప ఏమీ కనపడవు. పై సీట్ల నుంచి మొత్తం ఆట ఒక పటంలా కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ ఖాళీ వెతుక్కుంటున్నారో, పాస్ ఎటు వెళ్లబోతోందో మీకు ఆటగాళ్లకంటే ముందే తెలుస్తుంది.

గోల్ వెనక సీటే కావాలంటే ఒక చిట్కా. ఆట మూడు భాగాలుగా, అంటే మూడు పీరియడ్లుగా సాగుతుంది, ప్రతి పీరియడ్‌కీ జట్లు వైపులు మారతాయి. క్రాకెన్ మొదటి, మూడో పీరియడ్లలో దాడి చేసేది ప్రత్యర్థి బెంచి ఉన్న వైపుకి. అంటే మన గోల్స్ కళ్లారా చూడాలంటే ఆ చివర సీటు తీసుకోవాలి.

పక్ ఎగిరొచ్చి తగులుతుందేమోనని భయంగా ఉంది. పిల్లలతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. పక్ అంటే 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉండే గట్టి రబ్బరు బిళ్ల, బరువు సుమారు 170 గ్రాములు. గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది కాబట్టి భయపడటంలో తప్పులేదు. 2002లో ఓ మ్యాచ్‌లో పక్ తగిలి 13 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాతే గోల్స్ వెనక ఎత్తుగా వలలు కట్టడం ఎన్‌హెచ్‌ఎల్ తప్పనిసరి చేసింది. పిల్లలతో వెళ్తే వల వెనక ఉన్న సీట్లు తీసుకోండి. వల ఒక్క నిమిషంలో కంటికి అలవాటైపోతుంది. పక్కల వైపు కింది వరసల్లో కూర్చుంటే మాత్రం ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్ చూడొద్దు.

## ఊరు చేరాక

ఎయిర్‌పోర్ట్ నుంచి ఎలా రావాలి? కారు అద్దెకి తీసుకోవాలా?

మ్యాచ్ కోసమే అయితే కారు అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్‌లోనే లైట్ రైల్ ఎక్కి వెస్ట్‌లేక్ స్టేషన్‌లో దిగండి, సుమారు 40 నిమిషాలు. పెద్దవాళ్లకి ఎంత దూరమైనా 3 డాలర్లే, 18 ఏళ్ల వరకు పిల్లలకి ఉచితం. వెస్ట్‌లేక్‌లో పైకి వచ్చి, వెస్ట్‌లేక్ సెంటర్ భవనం మూడో అంతస్తులో మోనోరైల్ ఎక్కితే రెండు మూడు నిమిషాల్లో సియాటిల్ సెంటర్. అక్కడి నుంచి అరీనాకి ఐదు నిమిషాల నడక. ఆ మోనోరైల్ 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది, ఇప్పటికీ నడుస్తున్నవి అప్పటి బండ్లే. మ్యాచ్ రోజు పెట్టె నిండా నీలం జెర్సీలే. పరిచయం లేనివాళ్లు కూడా స్కోర్లు మాట్లాడుకుంటూ ఉంటారు, సగం మ్యాచ్ అక్కడే మొదలైపోతుంది.

బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు బంధువుల ఇంట్లో ఉంటున్నాం. కారులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు కానీ సాయంత్రం ఆరు గంటలకి మెర్సర్ స్ట్రీట్ మీద చిక్కుకుంటే టెన్షన్ తప్పదు. హైవే నుంచి అరీనా వైపు వెళ్లే దారి అదే, ఊళ్లోవాళ్లు దాన్ని "మెర్సర్ మెస్" అంటారు. ఒకసారి మేం మూడు వీధుల దూరంలో ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నాం. పార్కింగ్ దొరికి లోపలికి వెళ్లేసరికి క్రాకెన్ కొట్టిన మొదటి గోల్ అయిపోయింది. మెట్ల మీద ఉండగా హారన్ వినిపించింది, అంతే. కారులోనే వెళ్లాలంటే పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుని ఐదు గంటలకల్లా చేరిపోండి. లేదా నార్త్‌గేట్ స్టేషన్ దగ్గర కారు పెట్టి రైలెక్కండి. 520 వంతెన మీద టోల్ పడుతుంది, ఐ-90 మీద పడదు.

ఎక్కడ దిగితే సౌకర్యం?

డౌన్‌టౌన్‌లో వెస్ట్‌లేక్ చుట్టుపక్కల, లేదా అరీనా ఉన్న లోయర్ క్వీన్ ఆన్ పేటలో. రెండోచోట అయితే మ్యాచ్ అయ్యాక నడిచి గదికి వెళ్లిపోవచ్చు.

మ్యాచ్ రాత్రి ఏడింటికి. పగలంతా ఏం చేయాలి?

అరీనా సియాటిల్ సెంటర్ ఆవరణలోనే ఉంది కాబట్టి 605 అడుగుల స్పేస్ నీడిల్, చిహులీ గాజు కళాఖండాల తోట, పాప్ కల్చర్ మ్యూజియం అన్నీ పక్కపక్కనే. పొద్దున పైక్ ప్లేస్ మార్కెట్‌కి వెళ్లండి, 1907 నుంచి నడుస్తోంది. అక్కడ చేపల దుకాణంవాళ్లు చేపల్ని గాల్లోకి విసిరి పట్టుకోవడం తప్పక చూడండి, రాత్రి మ్యాచ్‌లో దాని సంబంధం తెలుస్తుంది. టైముంటే ఫ్రీమాంట్‌లో వంతెన కింద ఉన్న పెద్ద రాక్షస విగ్రహం కూడా. ఒక చేతిలో నిజం ఫోక్స్‌వ్యాగన్ కారు పట్టుకుని ఉంటుంది. క్రాకెన్ మస్కట్ (జట్టు గుర్తుగా వేషం వేసుకుని తిరిగే పాత్ర) 'బూయీ' ఆ రాక్షసుడికి మేనల్లుడని జట్టు కథ అల్లింది, పిల్లలకి ఈ కథ చెప్పి తీసుకెళ్తే బూయీని చూడగానే గుర్తుపడతారు.

లోపల చలిగా ఉంటుందా? ఏం వేసుకోవాలి?

మంచు పక్కన చల్లగా, పైన మామూలుగా ఉంటుంది. స్వెటర్ లేదా పల్చటి జాకెట్ చాలు. పెద్దవాళ్లని తీసుకొస్తుంటే ఒక శాలువా, మేజోళ్లు. బయట వాన కోసం టోపీ ఉన్న జాకెట్ గొడుగు కంటే నయం, సీటు దగ్గర గొడుగు పెట్టుకునే చోటుండదు. జెర్సీ కొనాల్సిన పని లేదు, ముదురు నీలం చొక్కా ఏదైనా సరిపోతుంది.

## అరీనాకి వెళ్లాక

ఎంత ముందు చేరుకోవాలి?

గంటన్నర ముందు. ఈ ఒక్క మాట మాత్రం వినండి. మ్యాచ్‌కి సుమారు అరగంట ముందు రెండు జట్లూ వార్మప్‌కి వస్తాయి, పావుగంట ఉంటుంది. ఆ టైములో గ్లాస్ దగ్గరికి వెళ్లి నిలబడండి. రోజంతట్లో మీరు ఆటగాళ్లకి అంత దగ్గరగా వెళ్లేది అప్పుడే. పక్ వచ్చి గ్లాస్‌కి కొట్టుకుంటే అక్కడ నల్లటి రబ్బరు మచ్చ పడుతుంది, గ్లాస్ మీద చెయ్యి పెడితే ఆ దెబ్బ అరచేతిలో తెలుస్తుంది. స్కేట్లు ఆపేటప్పుడు లేచే మంచుపొడి గ్లాస్ మీద పడి జారుతుంటే మా పిల్లాడు ఇవతలి వైపు నుంచి వేలితో గీతలు గీయాలని ప్రయత్నించాడు. కొందరు ఆటగాళ్లు చిన్నపిల్లల్ని చూసి గ్లాస్ మీదుగా పక్ అందిస్తారు కూడా.

డబ్బు, బ్యాగ్ సంగతేంటి?

లోపల నగదు తీసుకోరు, కార్డు గానీ ఫోన్ గానీ ఉండాలి. పెద్ద బ్యాగులు రానివ్వరు, చిన్నది ఒకటి చాలు. ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకోండి, టికెట్ అందులోనే ఉంది కదా.

మేం శాకాహారులం. లోపల తినడానికి ఏమైనా దొరుకుతుందా?

పిజ్జా, ఫ్రైస్, పాప్‌కార్న్‌తో పాటు మాంసం లేనివి ఇంకొన్ని దొరుకుతాయి, కాకపోతే ధరలు ఎక్కువ, విరామంలో లైన్లు పొడుగు. ముందే తినేసి వెళ్లడం నయం. సియాటిల్ సెంటర్‌లోనే ఆర్మరీ అనే భవనంలో తిండి కొట్లు చాలా ఉన్నాయి, అరీనాకి రెండడుగుల దూరం.

అరీనా బయట నుంచి చిన్నగా ఉందేంటి? లోపల ఏం చూడాలి?

ఎందుకంటే అరీనాలో ఎక్కువ భాగం భూమి లోపల ఉంది. 1962 ప్రపంచ ప్రదర్శనకి కట్టిన పాత భవనం పైకప్పు చారిత్రక కట్టడం కాబట్టి పడగొట్టడానికి వీల్లేదు. దాదాపు 20 వేల టన్నుల ఆ కప్పును తాత్కాలిక స్తంభాల మీద గాల్లో నిలబెట్టి, కింద మొత్తం తవ్వేసి కొత్త అరీనా కట్టారు. అందుకే వీధి స్థాయిలో లోపలికి వచ్చి మెట్లు దిగుతూ వెళ్తారు. మొదటిసారి తలుపు దాటగానే కాళ్ల కింద అంత పెద్ద గిన్నె తెరుచుకోవడం చూసి ఒక్క క్షణం ఆగిపోతారు.

ఆ కప్పు మీద పడిన వాన నీళ్లనే 15 వేల గ్యాలన్ల తొట్టిలో పట్టి, మంచు చేయడానికి వాడతారు. అంటే ఆటగాళ్లు స్కేట్ చేసేది సియాటిల్ వాన మీద. ఈ సంగతి చెప్తే ఊరి వానని తిట్టుకునే మా అత్తయ్య కూడా ముచ్చటపడింది. క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా అనే పేరు వెనక ఉన్నది కూడా ఈ పర్యావరణ ఆలోచనే. హాకీకి సుమారు 17 వేల సీట్లు. స్కోర్‌బోర్డు మధ్యలో వేలాడదు, రెండు చివర్లలో త్రికోణం ఆకారంలో ఒక్కోటి ఉంటుంది.

చంటిపిల్లల చెవులకి ఇబ్బందా?

అవును, గోల్ హారన్ చాలా గట్టిగా ఉంటుంది. చెవులకి పెట్టే పిల్లల మఫ్‌లు తప్పకుండా తీసుకెళ్లండి.

## ఆట మొదలయ్యాక

పక్ ఎక్కడుందో కనిపించట్లేదు. ఏం చూడాలి?

పక్‌ని వెతకడం మానేయండి. మొదటిసారి వెళ్లే అందరూ చేసే పొరపాటే ఇది, మొదటి పీరియడ్ మొత్తం ఆ నల్లబిళ్ల కోసం కళ్లు నొప్పెట్టేలా చూసి నీరసపడిపోతారు. ఆటగాళ్ల ఒంటి తీరు చూడండి. పది మంది తలలు ఎటు తిరిగితే పక్ అటుంది. అది అలవాటయ్యాక ఒక పని చేయండి, పక్ లేని ఆటగాడిని ఒకణ్ని ఎంచుకుని, అతను మంచు మీదున్నంతసేపూ అతన్నే చూడండి. ముప్పావు నిమిషమే ఉంటాడు, ఆ తర్వాత రొప్పుతూ బెంచి మీదికి దూకేస్తాడు, ఆట ఆగకుండానే ఇంకొకడు దిగుతాడు. ఆ కొద్దిసేపట్లో ఎన్నిసార్లు దిశ మార్చాడో, ఎంతమందిని అడ్డుకున్నాడో, పాస్ వస్తుందని ఖాళీలోకి ఎలా జారాడో చూస్తే ఈ ఆట మీద గౌరవం కలుగుతుంది. నాకు హాకీ పిచ్చి పట్టింది సరిగ్గా అలాగే. ఎవర్ని చూడాలో తెలియకపోతే 10వ నంబర్ మాటీ బెనియర్స్‌ని చూడండి. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, జట్టు మొట్టమొదట తీసుకున్న కుర్రాడు, 2023లో లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు.

ఆట మాటిమాటికీ ఎందుకు ఆగుతోంది?

ఎక్కువసార్లు రెండు కారణాలు. ఒకటి ఆఫ్‌సైడ్. ప్రత్యర్థి వైపున్న నీలిగీతని పక్ దాటకముందే దాడి చేసే ఆటగాడు దాటేస్తే ఆపేస్తారు. రెండోది ఐసింగ్. తన సగంలోంచి పక్‌ని కొడితే, అది ఎవరికీ తగలకుండా అవతలి గోల్‌గీత దాటిపోతే ఐసింగ్. ఒత్తిడి తప్పించుకోవడానికి పక్‌ని ఊరికే దూరంగా తోసేయకూడదని ఈ నియమం. ఐసింగ్ చేసిన జట్టు అలిసిపోయినా ఆటగాళ్లని మార్చుకోకూడదు, అదే దానికి శిక్ష.

పవర్ ప్లే అంటే ఏంటి? క్రికెట్‌లో లాంటిదేనా?

కాదు. ఒక ఆటగాడు తప్పు చేస్తే, ఉదాహరణకి కర్రతో కాలికి అడ్డుపడితే, రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. గోల్‌కీపర్ కాకుండా అవతల ఐదుగురు, ఇవతల నలుగురు. ఆ రెండు నిమిషాలే పవర్ ప్లే. ఐదుగురున్న జట్టు గోల్ కొడితే శిక్ష ముగిసిపోతుంది. బాత్రూమ్‌కి మాత్రం అప్పుడు వెళ్లకండి.

కొట్టుకుంటున్నారు, రిఫరీలు వెంటనే ఆపరేం?

చేతి తొడుగులు పారేసి ఇద్దరే తలపడితే కాసేపు ఆగి, కిందపడగానే విడదీస్తారు. ఇద్దరికీ ఐదేసి నిమిషాల శిక్ష పడుతుంది. నాకు ఇష్టం లేని భాగం ఇది. ఇప్పుడు చాలా మ్యాచుల్లో ఒక్కటి కూడా జరగదు. పిల్లలు అడిగితే, తప్పే కాబట్టి శిక్షగా కూర్చోబెట్టారని చెప్పండి.

స్కోరు సమమైతే? మొత్తం ఎంతసేపు పడుతుంది?

20 నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో దాదాపు 18 నిమిషాల విరామాలు రెండు, మొత్తం రెండున్నర గంటలు. సమమైతే ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, గోల్‌కీపర్ కాకుండా జట్టుకి ముగ్గురే. అంత ఖాళీ మంచు మీద ముగ్గురు ఆడటం కన్నుల పండగ. ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే, అప్పటికీ తేలకపోతే షూటౌట్, అంటే ఒక్కొక్క ఆటగాడే వచ్చి గోల్‌కీపర్‌ని దాటించి గోల్ కొట్టాలి. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా ఆడుతూనే ఉంటారు.

మధ్యలో లేచి వెళ్లొచ్చా?

పక్ ఆటలో ఉన్నప్పుడు కాదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా విజిల్ పడేదాకా మెట్ల పైనే ఆపుతారు, ఏమీ అనుకోకండి. విరామంలో జంబోనీ బండ్లు మంచును సాపు చేయడం ఒకసారైనా కూర్చుని చూడండి. పైపొర గీరేసి, వేడినీళ్లు పరుస్తూ వెళ్తాయి. గీతలతో తెల్లబారిన మంచు వాటి వెనక అద్దంలా మెరుస్తుంది. ఇక్కడివి విద్యుత్తుతో నడిచేవి, పెద్ద చప్పుడుండదు.

## మ్యాచ్ అయిపోయాక

గెలిస్తే చేపలు విసురుతారట, నిజమేనా?

నిజమే, కానీ బొమ్మ చేపలు. సొంత ఊళ్లో గెలిచినప్పుడు ఆ రాత్రి బాగా ఆడిన ముగ్గురు ఆటగాళ్లు మెత్తటి సాల్మన్ బొమ్మల్ని జనంలోకి విసురుతారు, పైక్ ప్లేస్ చేపలవాళ్లని తలుచుకుంటూ. కాబట్టి చివరి హారన్ మోగగానే పరిగెత్తకండి, ఐదు నిమిషాలుండండి.

అంత జనంలో బయటపడటం ఎలా?

తొందర పడకుండా. మోనోరైల్ లైన్ పొడుగ్గా కనిపిస్తుంది కానీ త్వరగా కదులుతుంది. కాళ్లు బాగుంటే వెస్ట్‌లేక్‌కి పాతిక నిమిషాల నడక. టాక్సీ పిలవాలంటే అరీనా ముందు కాకుండా నాలుగైదు వీధులు నడిచాక పిలవండి, ధర కూడా తగ్గుతుంది.

మర్నాడు కూడా ఊళ్లోనే ఉన్నాం. ఆటగాళ్ల ప్రాక్టీస్ చూడొచ్చా?

చూడొచ్చు, ఉచితంగా. నార్త్‌గేట్‌లో క్రాకెన్ కమ్యూనిటీ ఐస్‌ప్లెక్స్ ఉంది, మూడు రింకులు (స్కేటింగ్ చేసే మంచు మైదానాలు), లైట్ రైల్ స్టేషన్ నుంచి నడిచే దూరం. జట్టు ఊళ్లో ఉండి ప్రాక్టీస్ పెట్టుకున్న రోజున జనాన్ని రానిస్తారు, టైము ముందురోజు చూసుకోండి. అక్కడే సాధారణ జనం స్కేటింగ్ చేసే వేళలు కూడా ఉంటాయి, స్కేట్లు అద్దెకిస్తారు. ముందురోజు రాత్రి వాళ్లు గాల్లో తేలినట్టు తిరగడం చూసి, మర్నాడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి చూడండి. మా నాన్నగారు 68 ఏళ్ల వయసులో వేశారు, పడకుండా ఒక చుట్టు పూర్తిచేసి ఆ ఫోటో అందరికీ పంపారు.

పక్ దొరికింది. ఇంటికి తీసుకెళ్లొచ్చా?

జనంలోకి వచ్చిన పక్ మీదే, ఎవరూ అడగరు. ఎక్కువ గెంతకుండా ఉండేందుకు మ్యాచ్‌కి ముందు పక్‌లని గడ్డకట్టిస్తారు కాబట్టి చేతిలోకి రాగానే చల్లగా ఉంటుంది, అంచున గరుకుగా గీతలు తగులుతాయి. హాకీ కర్ర కొంటే మాత్రం విమానంలో చేతిసామానుగా రానివ్వరు, చెక్-ఇన్‌లో వేయాలి.